ఫుట్‌వాల్వుకు కట్టిన వల

మా జిన్నింగ్ మిల్లు మణుగూరు రోడ్డు మీద, అడవి మొదలయ్యే చోట ఉంటుంది. ఆవరణంతా పత్తి కుప్పలే. మంటలు లేస్తే ఆర్పడానికి నిండుగా నీళ్ల ట్యాంకు, డీజిల్ పంపు ఉండాలి. లేకపోతే ఇన్సూరెన్స్ వాళ్లు పాలసీ ఇవ్వరు. వాటిని చూసుకునే ఉద్యోగం నాది. మా ఆవిడ అదే మిల్లులో పత్తి ఎగేసే కూలి. అందుకే నాకు ఆ నీళ్లు ఉత్త పాలసీ కోసం కాదు.

మా ఓనరుకు ఆ నీళ్లు ఊరికే పడి ఉండటం నచ్చలేదు. కోస్తా నుంచి వచ్చిన రైతు కుటుంబం. నీళ్లు కనపడితే ఏదో ఒకటి పండించాలి. దోమల్ని తింటాయంటూ కొర్రమీను పిల్లల్ని తెచ్చి ట్యాంకులో వదిలాడు. వారానికోసారి పంపు నడిపి చూడటం నా పని. ఓసారి అలా నడిపినప్పుడు చేపపిల్ల ఒకటి పైపులోకి పోయి నుజ్జయింది. మర్నాటికల్లా ట్యాంకు అడుగున, పంపు నీళ్లు పీల్చుకునే ఫుట్‌వాల్వు మూతికి సన్న కన్నుల వల కట్టించాడు.

"సార్, వలకు నాచు పడితే నీళ్లు రావు. తీసేద్దాం."

"నాచు పడితే దులపవయ్యా! జీతం ఎందుకిస్తున్నా?"

దులిపాను. మళ్లీ పట్టింది. విసుగొచ్చి వల పీకేస్తే సాయంత్రానికి మళ్లీ కట్టించాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదడమే నా డ్యూటీ అయిపోయింది.

ఇన్సూరెన్స్ ఆఫీసరు చూడటానికొచ్చిన రోజు మాత్రం పొద్దున్నే తానే వల విప్పించాడు. నీళ్లు షెడ్డు కప్పు దాటి ఎగిశాయి. ఆఫీసరు భేష్ అని, కొర్రమీను పులుసు తిని వెళ్లాడు. కారు గేటు దాటిందో లేదో వల మళ్లీ ట్యాంకులోకి దిగింది. నాకు ఒళ్లు మండిపోయింది.

శివరాత్రి ముందు ఒక మధ్యాహ్నం మిషన్‌లోంచి నిప్పురవ్వ పడి షెడ్డు పక్క కుప్ప అంటుకుంది. పంపు స్టార్ట్ చేశాను. పైపు ఒక్కసారి ఉబ్బి, చప్పున చతికిలబడింది. ఎందుకో నాకు తెలుసు. ట్యాంకులోకి దూకి, మునిగి, నాచు పట్టిన వలను కత్తితో కోశాను. నీళ్లు అందేసరికి ఆలస్యమైంది. మంట పక్క కుప్పకు పాకకుండా తడి గోనెసంచితో కొడుతున్న మా ఆవిడ చేతులు మోచేతుల దాకా కాలాయి.

ఓనరు పరుగున వచ్చాడు. తడిబట్టలతో నిలబడ్డ నన్ను చూసి, "చేపలకేం కాలేదు కదా?" అన్నాడు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగినవాడి గురించి వినడమే గానీ, కళ్లారా చూడటం అదే మొదలు.

మా ఆవిడను దవాఖానా నుంచి ఇంటికి తెచ్చాక ఓనరే మనిషితో బకెట్ పంపించాడు. లోపల బతికున్న కొర్రమీను. "గాయానికి మంచిదంట. జల్దీ మానుతదని సార్ చెప్పమన్నడు" అన్నాడు వచ్చినతను.

మా ఆవిడ కట్లు కట్టిన చేతులు ఒళ్లో పెట్టుకుని బకెట్‌కేసి చూసింది. "గా చేప మంచిగనే ఉన్నది గదా" అంది.

నేనే కోసి వండాను. ఆమె ఒక్క ముక్క ముట్టలేదు. నేనూ తినలేదు.

మర్నాడు డ్యూటీకి వెళ్లి ట్యాంకులోకి తొంగి చూశాను. ఫుట్‌వాల్వుకు కొత్త వల కట్టి ఉంది.