అందరి జేబుల్లో నా గొంతు

ఒక్క మాటతో అన్న పరువును, ఊరి పండగను, నా కొత్త చీరను కలిపి ముంచిన ఘనురాలిని నేనే. నవ్వాలనిపిస్తే నవ్వండి. ఆ చీర మాత్రం ఇక కట్టుకోవడానికి పనికిరాదు.

మనవరాలి పలక మీద అక్షరాలు దిద్దుకున్నదాన్ని. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు; కొత్తగా చదువుకున్నది హద్దెరగదు. మా మిరియాల సంఘం ఆడవాళ్ళకోసం రమ్య అనే పట్నం అమ్మాయి ఒక యాప్ తయారుచేసింది. వాన కబురు వస్తే అది పైకి చదువుతుంది. ఆ గొంతు నాది. అందరికీ ఇచ్చేముందు రమ్య నన్నడిగింది.

"అమ్మా, ఈ గొంతు మొదటినుంచే ఆన్‌లో పెట్టమంటారా? కావలసినవాళ్ళే ఆన్ చేసుకుంటారా?"

"బటనెక్కడుందో సదవగలిగితే మాకు గొంతెందుకమ్మా? ఆన్‌లోనే ఉండాల."

"సైలెంట్‌లో పెట్టినా మోగుతుంది. ముందు నాలుగిళ్ళలో చూద్దామా?"

"మోగనీ! అందరికీ ఇచ్చీ."

నా మాట న్యాయమే. ఊరంతా నా గొంతు వినాలన్న సరదా ఆ న్యాయం వెనకే నక్కి ఉంది. యాప్ ఆడవాళ్ళదైనా ఇంటికి ఒకటే ఫోనని, అది మగవాడి జేబులో ఉంటుందని ఆ సరదాలో మరిచాను.

చైత్రంలో మా ఇటుకల పండగ, అంటే కొండవాళ్ళ వేట పండగ, వచ్చింది. మగవాళ్ళు వేటకు వెళతారు. వట్టి చేతులతో దిగితే ఆడవాళ్ళు పేడనీళ్ళు కుమ్మరిస్తారు. నాన్న పోయాక వేటకు ముందు నడవడం అన్న గాసికి అదే మొదటిసారి. నాన్న విల్లును కళ్ళకద్దుకుని బయలుదేరాడు.

ఊళ్ళో వచ్చీరాని సిగ్నల్ కొండ కొమ్ము మీద బాగా దొరుకుతుంది. అక్కడ అడవిపంది కనబడితే అన్న ఊపిరి బిగబట్టి గురిచూశాడట. అప్పుడు అందరి జేబుల్లోంచి ఒక్కసారిగా నేను అరిచాను:

"అక్కల్లారా! మబ్బట్టింది! బేగి కదలండి!"

నా మాట విని బేగి కదిలింది పంది ఒక్కటే. మబ్బు ఊళ్ళో, కబురు కొండ మీద. ఇక్కడ ఆరబోసిన మా మిరియాలన్నీ తడిశాయి.

సాయంత్రం వట్టి చేతులతో దిగారు. అందరికంటే ముందు, పెద్ద కుండతో నేనే నిలబడ్డాను. అన్న తల వంచుకుని నా ఎదురుగా వచ్చాడు.

"పోసీ, సెల్లీ. ఇంటికాడా నీ గొంతే, కొండెక్కినా నీ గొంతే!"

"ఏటైందయ్యా?" అంది మా వదిన చిలకమ్మ. అతను జరిగింది చెప్పాడు. ఎవరూ నవ్వలేదు.

"ఐతే ఈళ్ళు తప్పు సెయ్నేదు," అని వదిన నా వైపు తిరిగింది. కుండలన్నీ ఆమె వెంటే తిరిగాయి.

కొత్త చీరంతా పేడనీళ్ళయి నేను కళ్ళు తెరిచేసరికి అన్న తన తువ్వాలుతో నా ముఖం తుడుస్తున్నాడు. "ఒచ్చే ఏడు ఫోన్లన్నీ నీ కాడే ఒగ్గీసి ఎల్తాం," అన్నాడు. అప్పుడు నవ్వాడు.

ఇప్పుడు యాప్ తెరవగానే, "గట్టిగా సెప్పమంటారా, ఒద్దా?" అని ముందే అడుగుతుంది. ఆ గొంతు మా వదినది.

ఇకమీదట ఒకరి జేబులో నా నోరు పెట్టేముందు ఆ జేబు ఎవరిదో కనుక్కుంటానని, పేడకుండ మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను.