రేకుల గదికి తీసేసిన తీగ

నేను పనిచేసే ఈ అరబ్బు దేశంలో, మొన్న హవల్లీలో ఒక ఇంట్లో ఫోను చెవిన పెట్టుకుని మాట్లాడుతుంటే నా గొంతు నాకే తిరిగి వినబడింది. ఒక్క క్షణం ఆలస్యంగా, నూతిలోంచి వచ్చినట్టు. ఇంటావిడ కంగారుపడి, కొత్త ఫోను కొనాలా అని అడిగింది. అక్కర్లేదన్నాను. డాబా మీది యాంటెన్నాకీ గదిలోని యాంటెన్నాకీ మధ్య దూరం చాలకపోతే ఇలాగే అవుతుంది. ఈ సంగతి నాకు నేర్పినవాడు అబ్బులు బాబాయ్. ఆ మారుగొంతు విన్నప్పుడల్లా ఆయన గుర్తొస్తాడు, గుర్తొచ్చిన ప్రతిసారీ ఒళ్ళు మండుతుంది. పోయినవాళ్ళ గురించి చెడ్డగా రాయకూడదంటారు. ఆయన నిక్షేపంగా ఉన్నాడు, అమలాపురం దగ్గర కొబ్బరితోట చూసుకుంటున్నాడు, కాబట్టి నాకా ఇబ్బంది లేదు.

మాకు చుట్టరికం ఏమీ లేదు. ఇద్దరిదీ కోనసీమ కాబట్టి బాబాయ్ అన్నాను, అంతే. ఇళ్ళకు సిగ్నల్ బూస్టర్లు బిగించే దుకాణంలో ఆయన పెద్ద మెకానిక్కు, నేను ఆయన వెనక నిచ్చెన మోసేవాణ్ణి. ఇక్కడి పెద్ద ఇళ్ళకు గోడలు మందం, కిటికీ అద్దాలకు వెండిపూత, అడుగున నేలమాళిగ. ఫోను లోపలికి రాగానే మూగబోతుంది. డాబా మీద ఒక యాంటెన్నా టవర్ నుంచి సిగ్నల్ పట్టుకుంటే, మధ్యలో ఉన్న పెట్టె దాన్ని పెంచుతుంది. అక్కణ్ణుంచి గదుల్లోని చిన్న యాంటెన్నాలకు తీగలు వెళతాయి. చెప్పడానికి ఇంతే. బిగించాక మాట తెగకుండా చేయడమే అసలు పని, అందులో ఆయన్ను మించినవాణ్ణి నేను చూడలేదు. కోపం ఉందని ఆ మాట దాచను.

చేరిన కొత్తలో ఒక నేలమాళిగలో నిలబడి ఫోన్లో "హలో, హలో" అంటున్నాను. డాబా మీంచి ఆయన విసుక్కున్నాడు.

"హలో అనకురా. హలో ఎంత పాడు లైన్లోనైనా వినపడుద్ది. పనసపొట్టు కూర ఎలా వండుతారో చెప్పు."

"నాకు రాదు బాబాయ్."

"మీయమ్మ వండుతుంటే చూళ్ళేదేంటి? పొట్టు కొట్టిన కాణ్ణుంచీ మొదలెట్టు."

సిగ్గుపడుతూనే చెప్పాను. పొట్టు, పసుపు, చింతపండు, పోపు. ఏ అక్షరం ఎక్కడ రాలిపోతోందో ఆయన పైన వింటూ యాంటెన్నా తిప్పుతున్నాడు. ఆవ పెట్టి దించేదాకా ఒక్క మాట కూడా తెగకుండా వచ్చాక, "ఇంక దిగొచ్చేత్తన్నాను, ఆకలేసేత్తంది" అన్నాడు. ఫోను ఉన్నది మనిషి మాట మనిషికి చేరడానికని, సిగ్నల్ గీతలు లెక్కపెట్టుకోవడానికి కాదని నాకు ఆరోజే అర్థమైంది. ఆయన నాకు దేవుడితో సమానం అయిపోయాడు. అందుకే తర్వాత జరిగింది నాకు అంతగా గుచ్చుకుంది.

ఒక పెద్దింటివాళ్ళు కబురు చేశారు. కింద మగవాళ్ళు కూర్చునే దివానియాలో మాటలు తెగుతున్నాయి, గొంతు మారుమోగుతోంది. బాబాయ్ సరాసరి డాబా ఎక్కాడు. అక్కడ ఇనుప రేకుల గది ఒకటి ఉంది. ఇంట్లో పనిచేసే ఈశ్వరమ్మ ఉండేది అందులోనే. రాయచోటి వైపు మనిషి. ముందెవరో పనివాడు ఆ గదిలో కూడా ఒక చిన్న యాంటెన్నా పెట్టి వెళ్ళాడు, పైనున్న పెద్ద యాంటెన్నాకు నాలుగడుగుల్లో. ఆ రెండూ ఒకదాని అరుపు ఒకటి వింటున్నాయి. దాంతో పెట్టె బెదిరి ఇల్లంతటికీ గొంతు నొక్కేస్తోంది.

బాబాయ్ కిందికి దిగి యజమానికి మర్యాదగానే చెప్పాడు. పెద్ద యాంటెన్నాను గొట్టం మీద డాబా ఆ చివరకు మారిస్తే అందరికీ బాగుంటుందని. గొట్టం వీధిలోకి కనిపిస్తుంది, ఇంటి అందం పోతుందన్నాడు యజమాని. "పైగది తీగ తీసెయ్, ఖలాస్" అని లోపలికి వెళ్ళిపోయాడు.

మేము తిరిగి పైకి వెళ్ళేసరికి మధ్యాహ్నం విరామంలో ఈశ్వరమ్మ గది దగ్గర ఉంది. ఆమె కూతురికి తొలి కానుపు నెలలు. ఇంటి వైఫై ఆమెకు ఇవ్వరు, కింద పనిలో ఉండగా ఫోను ముట్టుకుంటే మామా, అంటే ఇంటి యజమానురాలు, ఒప్పుకోదు. బయట నిలబడి మాట్లాడదామంటే ఆ ఎండలో పిట్ట కూడా ఆగదు. కూతురి గొంతు వినే చోటల్లా ఆ రేకుల గదే.

"ఏమన్నా, ఇది పీకతా ఉండావే? నా బిడ్డ దినామూ ఈ యాళకే చేస్తాది. భయపడతా ఉంటాది, నాలుగు మాటలు చెప్పాల దానికి."

బాబాయ్ తీగ చుట్టుకుంటూ ఎంతో మెత్తగా అన్నాడు. "కంగారు పడకమ్మా. పెట్టె కొత్తగా సర్దాం కదా, నాలుగు రోజుల్లో దానంతటదే వచ్చేత్తాది."

వ్యానులో నేను ఊరుకోలేదు. అబద్ధం ఎందుకు చెప్పావని నిలదీశాను.

"నిజం చెపితే ఏడుత్తాది. ఆ ఏడుపు మామా చెవిన పడితే, మన దుకాణపోళ్ళకి ఫోను పోద్ది. ఆ యజమానీ, మనకి వీసా ఇచ్చిన కఫీలూ ఒకే దివానియాలో కూచుంటారు. మనం ఈ దేశంలో ఉండే కాయితం, నీ ఇఖామా, నా ఇఖామా ఎవరి చేతిలో ఉన్నాయిరా?"

ఆ భయం ఉత్తిది కాదు, నాకూ తెలుసు. కానీ భయపడి తీగ తీయడం వేరు, వస్తుందని నమ్మించడం వేరు. ఆ మాటే అంటే రేడియో సౌండు పెంచాడు.

కొన్ని వారాలకు ఎండకు పెట్టె అడాప్టరు మాడిపోయిందని మళ్ళీ పిలిచారు. దివానియాలో మాట గాజులా ఉందని యజమాని మెచ్చుకుని ఖర్జూరాలు పెట్టించాడు. పైకి వెళితే ఈశ్వరమ్మ ఎదురొచ్చింది. కూతురికి మగబిడ్డ, ఊళ్ళోవాళ్ళు చెప్పారట. ఆసుపత్రిలో నొప్పులు పడుతూ ఆ పిల్ల ఎన్నిసార్లో చేసిందట, ప్రతిసారీ స్విచ్చాఫ్ అనే వచ్చిందట. అమ్మ కావాలనే ఫోను ఆపేసిందని అలిగింది. ఇప్పుడు ఈమె ఎండలో పిట్టగోడ పట్టుకుని చేసినా ఎత్తడం లేదు.

"నాలుగు దినాల్లో వస్తాదంటివి గదన్నా. నేను దినామూ గదిలో ఫోను ముందర పెట్టుకోనే కూచుంటి. నీకు దండం పెడతా, నువ్వొక మాట చెప్పు దానికి. తప్పు నాది గాదని."

బాబాయ్ కాదనలేదు. పిట్టగోడ దగ్గరకు వెళ్ళి తన ఫోన్లోంచి చేసి, స్పీకరు పెట్టాడు. కొత్త నంబరు కావడంతో ఆ అమ్మాయి ఎత్తింది.

"అమ్మా, మీ అమ్మగారుండే ఇంట్లో మెషీను పాడైందమ్మా. ఆవిడ తప్పేం లేదు."

అటు చంటిబిడ్డ ఏడుస్తోంది. ఆ పిల్ల నీరసంగా అడిగింది.

"అయితే ఇప్పుడు బాగు చేసినారా?"

బాబాయ్ నావైపు చూడలేదు.

"చేశామమ్మా" అన్నాడు.

ఈశ్వరమ్మ ఆనందంతో ఆయన చేతులు పట్టుకుంది. రేపు మళ్ళీ ఆ పిల్ల చేస్తుంది, మళ్ళీ స్విచ్చాఫ్ అని వస్తుంది. ఈసారి తల్లికి చెప్పుకోవడానికి సాకు కూడా లేకుండా చేసి, ఆయన మెట్లు దిగిపోయాడు. నేను ఆగి, ఉన్నమాట చెప్పేశాను.

"అక్కా, ఆ లైను రాదు. మేమే తీసేశాం. రేపు మీ అమ్మాయి చేసినా నీకు మోగదు. ఇప్పుడే ఇక్కణ్ణుంచి చేసి, సంగతి చెప్పు."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "పో తమ్ముడా. అంత పెద్దాయన, నా బిడ్డకు చెప్పిన మాట అబద్ధమా?" అని గదిలోకి వెళ్ళి, ఫోను ముందు పెట్టుకుని కూర్చుంది.

తర్వాత ఆ ఇంటి నుంచి ఏ కబురూ రాలేదు. దివానియాలో మాట బాగుంటే మమ్మల్ని పిలిచే అవసరం ఎవరికుంటుంది? బాబాయ్ ఇఖామా రద్దు చేయించుకుని ఊరెళ్ళిపోయాడు. వెళ్ళే ముందు నన్ను కావలించుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నాకు రాలేదు.

ఆయన నేర్పిన పనితోనే నా ఇల్లు గడుస్తోంది. కానీ పని అయ్యాక యజమానులు "బాగైందా?" అని అడిగితే చప్పున అవునని అనలేను. డాబా ఎక్కి, వంటింటి వెనక్కి వెళ్ళి, పనిమనుషులుండే గదిలో నిలబడి ఒకసారి మాట్లాడి చూస్తాను. చాలా ఇళ్ళలో అక్కడిదాకా తీగ వేయనివ్వరు. అప్పుడు ఆ గదిలో మనిషికి, ఇక్కడ రాదు అని మొహం మీదే చెప్పి వస్తాను. నన్ను తిట్టుకుంటారు. తిట్టుకోనీ, ఫోను ముందు పెట్టుకుని మాత్రం కూర్చోరు.