పక్క మిషను ఆవిడ

మా పిన్ని బట్టలు కుట్టే ఫ్యాక్టరీ మూతపడి ఆరు నెలలైంది. ఇంకో ఫ్యాక్టరీలో ఒకే ఒక్క ఉద్యోగానికి పరీక్ష పెడుతున్నారంటే వెళ్ళింది. అరగంటలో చొక్కా కాలరు కుట్టి చూపించాలి. పక్క మిషను ఆవిడకు దారం మాటిమాటికీ తెగిపోయి, కళ్ళనీళ్ళ పర్యంతమైంది. పిన్ని తన కాలరు సగంలో వదిలేసి లేచింది.

"సూది తిరగేసి పెట్టారమ్మా. ఉండండి" అంటూ సరిగ్గా బిగించి ఇచ్చింది.

ఉద్యోగం ఆవిడకే వచ్చింది.

"నోటి దగ్గర కూడు నువ్వే తీసిచ్చి వచ్చావు కదే!" అన్నాడు బాబాయి.

"ఆవిడ నాకన్నా బాగా కుట్టిందండీ. తప్పు సూదిదేగా!" అంది పిన్ని.

బాబాయికి నవ్వాగలేదు.

రెండు నెలలకు బడిపిల్లల యూనిఫారాలు కుట్టేచోట పిన్నికి పని దొరికింది. కొత్తగా చేరినవాళ్ళకు పని నేర్పేది ఇప్పుడు తనే. ఎవరిమీదా గొంతు పెంచి ఎరగదు.