రెండో టబ్బు

బట్టలు కుట్టే ఆవిడకు కవల ఆడపిల్లలు. పది నిమిషాలు ముందు పుట్టింది పెద్దది, తర్వాత పుట్టింది చిన్నది. ఇంట్లో అవే పిలుపులు. బడి వయసు రాకపోయినా ఆ ఇంట్లో చదువు ఎప్పుడో మొదలైంది. వారానికో లోకం. సముద్రం వారమైతే రెండు ప్లాస్టిక్ టబ్బుల నిండా నీలం రంగేసిన బియ్యం, గవ్వలు. అడవి వారమైతే తడిమట్టి, ఎండుటాకులు. మిషన్ తొక్కుతూనే, "గరుగ్గా ఉన్నదేదో తియ్యండర్రా! మూడు బొత్తాలు వెతకండి!" అని కేకేసేది. "మా వాళ్ళకి అక్షరాల కంటే ముందు వేళ్ళకి తెలివొచ్చింది" అని పక్కింట్లో గొప్పలు పోయేది.

మూడు రోజుల జ్వరం పెద్దదాన్ని ఎత్తుకుపోయింది. మూడేళ్ళ పిల్ల. ఇంకేం చెప్పను!

ఆ తర్వాత వచ్చిన సోమవారం ఆవిడ చేతులు అలవాటుగా రెండు టబ్బులూ నింపేశాయి. చూసుకున్నాక పెద్దదాని వంతు రెండో టబ్బు తీసేయడానికి మనసొప్పలేదు. "ఎందుకమ్మా, పుండు మీద కారం చల్లుకోవడం కాకపోతే!" అంది అత్తగారు. ఆవిడ వినలేదు. వారం వారం నింపుతూనే ఉంది.

రెండు నెలలకు మళ్ళీ సముద్రం వారం వచ్చింది. ఒక మధ్యాహ్నం మిషన్ ఆపి వెనక్కి తిరిగితే, రెండో టబ్బులో గవ్వ ఒక్కటీ పైకి కనబడలేదు. అన్నీ బియ్యం అడుగున పూడ్చి ఉన్నాయి. పెద్దది అలాగే పూడ్చేది. చిన్నది గోడవారగా బుద్ధిగా కూర్చుని ఉంది.

"ఎవరాడారే?"

"అక్క."

నమ్మకూడదని ఆవిడకు తెలుసు. అయినా నమ్మింది. కన్నతల్లిని తప్పుపట్టడానికి మనకు నోరెలా వస్తుంది? రెండు నెలల తర్వాత ఆవిడ నవ్వడం అదే మొదలు. ఆనాటి నుంచి వెనకాల బియ్యం గలగలమంటే నవ్వుకునేది. తిరిగి చూస్తే పోతుందేమోనని చూసేది కాదు. మంచి మఖమల్ ముక్కలు, మెరిసే బొత్తాలు అన్నీ రెండో టబ్బులోకే వెళ్ళేవి.

మంచు వారం వచ్చింది. నాలుగో రోజు సర్దుతుంటే, చిన్నదాని టబ్బులో దూది పెట్టింది పెట్టినట్టే ఉంది. ఒక్క వేలి గుర్తయినా లేదు.

మర్నాడు మిషన్ తొక్కుతూ, కొలతలకొచ్చిన వాళ్ళు చూసుకునే నిలువుటద్దంలోకి చూసింది. చిన్నది మెల్లగా లేచి రెండో టబ్బు దగ్గరికెళ్ళి, దూది కింద బొత్తాలు పూడుస్తోంది, ఎడమ చేత్తో. ఎడమ చేతివాటం పెద్దదానిది.

"అది అక్కది కదే!"

పిల్ల ఉలిక్కిపడింది. "అక్క ఆడితే నువ్వు నవ్వుతావు. నేనాడితే మిషన్ తొక్కుతావు" అంది.

ఆవిడ పిల్లను గుండెకు హత్తుకుని భోరుమంది. ఏడుపు తగ్గాక రెండో టబ్బు ఖాళీ చేసి, పిల్లను దాని టబ్బు ముందు కూర్చోబెట్టి తానూ ఎదురుగా కూర్చుంది.

"ఇప్పుడు నువ్వాడు తల్లీ. నేను చూస్తా."

పిల్ల రెండు చేతులూ దూది మీద పెట్టి కదలకుండా ఉండిపోయింది. కాసేపటికి తలెత్తి అడిగింది.

"అమ్మా, చిన్నది ఎలా ఆడేది?"

పెద్దదాని ఆట వేలి కదలికతో సహా కళ్ళకు కట్టినట్టు గుర్తున్న ఆ తల్లి, చిన్నదాని ఆట ఎంత వెతుక్కున్నా గుర్తు తెచ్చుకోలేకపోయింది.