నవ్వు చూసి పిల్లనిచ్చే మావయ్య

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా కోడలు టీవీలో ఏదో పండగ సినిమా పెట్టింది. పెద్ద ఇల్లు, గుమ్మాలకు బంతిపూలు, నాలుగు ప్రేమ జంటలు, వాళ్ళని విడదీయడానికి ఇద్దరు, కలపడానికి ఇరవై మంది చుట్టాలు. ఎవరు ఎవరికి ఏమవుతారో తెలిసేలోపు విశ్రాంతి పడిపోయే రకం. ఇంట్లో అందరూ పడీ పడీ నవ్వుతున్నారు. నాకు మాత్రం అరచేతుల్లో చెమటలు పట్టాయి. "ఏంటత్తయ్యా, నవ్వుకునే సినిమాకి అలా బిగుసుకుపోయారేంటి?" అంది కోడలు. ఇలాంటి సినిమాలు హాయిగా చూసే అదృష్టం మా పుట్టింటివైపు ఆడపిల్లలెవరికీ లేదని ఆ పిల్లకేం తెలుసు!

దానికి కారణం మా పెద్దమావయ్య, అంటే మా అమ్మకు అన్నగారు. వినుకొండ దగ్గర ఆయనది మిరప వ్యవసాయం. కల్లంలో ఆరిన కాయను చేత్తో విరిచి, వాసన చూసి, ఘాటెంతో చెప్పేసేవాడు. మనుషుల్ని కూడా అలాగే తేల్చేయొచ్చని ఆయన నమ్మకం. "కాయ విరిస్తే ఘాటు తెలుస్తది, మనిషి నవ్వితే గుణం తెలుస్తది" అనేవాడు. అందుకని మా ఇంట్లో ఏ ఆడపిల్లకి సంబంధం వచ్చినా తాంబూలాల మాట తర్వాత; ముందు రెండు కుటుంబాలూ కలిసి పండగకి విడుదలైన సినిమాకి వెళ్ళాలి. పెళ్ళికొడుకు మావయ్య పక్క సీట్లో కూర్చోవాలి. మావయ్య తెరకంటే ఎక్కువగా అతని మొహం చూసేవాడు. ఎవరైనా జారిపడితే నవ్వేవాడు పనికిరాడు. పక్కవాళ్ళు నవ్వుతున్నారో లేదో చూసుకుని నవ్వేవాడు అసలే పనికిరాడు. అస్సలు నవ్వనివాడి సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు. మా పిన్ని కూతురికి చూసినతను, సినిమాలో మొగుడు పెళ్ళాం చెంప పగలగొడితే విరగబడి నవ్వాడు. ఆ సంబంధం అక్కడికక్కడే పోయింది. నిజం చెప్పాలంటే ఆ రోజు మావయ్య దాన్ని కాపాడాడు. అప్పటినుంచి ఆయన పరీక్షకు ఎదురు చెప్పేవాళ్ళే లేకుండా పోయారు.

ఆరేడేళ్ళ కిందట దసరాకి ఆ పరీక్ష మా అక్క కూతురిదాకా వచ్చింది. బావగారు పోయినప్పటినుంచి అక్క ఇంట్లో మావయ్య మాటే మాట. ఆ పిల్ల తనతో చదువుకున్న కనిగిరి అబ్బాయిని ఇష్టపడింది. అతను పత్తి మిల్లులో ఇంజనీరు. "తాతయ్య ఊఁ అంటేనే చేసుకుంటా. కాదంటే నాకింక పెళ్ళే వద్దు" అని కూర్చుంది. అది మొండిఘటం, అన్నదంటే అన్నదే. అక్కకి మూడు రోజులు కంటిమీద కునుకు లేదు.

మ్యాట్నీకి మావాళ్ళు పదహారు మంది, వాళ్ళవాళ్ళు పదకొండు మంది, బాల్కనీలో రెండు వరసలు నింపేశాం. అదీ నాలుగు జంటల సినిమానే; తెర మీద ఎంతమంది ఉన్నారో తెర ముందు మేమూ అంతమందిమి. కొత్త చీరల గంజి వాసన, పూల వాసన, ఎవరో పొట్లం కట్టించుకొచ్చిన మిరపకాయ బజ్జీల వాసన, అన్నీ కలిసి కొడుతున్నాయి. పది నిమిషాలకే హాలు ఈలలతో మోగిపోయింది. ఆ అబ్బాయి మాత్రం నవ్వలేదు. ఒక హీరో పిండి బస్తాలో పడ్డాడు. పోనీలే, పడితే నవ్వకూడదు కదా అని సరిపెట్టుకున్నాం. తర్వాత బామ్మగారు తన పెళ్ళిరోజు తనే మర్చిపోయి ముసలాయన్ని తిట్టింది. హాలంతా నవ్వింది, మావయ్యా నవ్వాడు. అతను నవ్వలేదు. మావయ్య మీసం దువ్వుకున్నాడు. అది మంచి లక్షణం కాదని మా అందరికీ తెలుసు. అక్క నా చెయ్యి పట్టుకుంటే గోళ్ళు దిగాయి.

విశ్రాంతిలో ఆ పిల్లని మెట్ల దగ్గరికి లాక్కెళ్ళాను. "ఏమే, అతనికి ఒంట్లో బాగాలేదా? అలా బిర్రబిగుసుకు కూచున్నాడేంటి?"

"నేనే నవ్వొద్దన్నా పిన్నీ" అంది గర్వంగా. "నవ్వాడంటే ట్రాక్టరు స్టార్ట్ చేసినట్టుంటది. చిన్నపిన్ని సంబంధం ఎక్కువ నవ్వాడనేగా పోయింది!"

తప్పు మాదే. పిల్లల ముందు పెళ్ళాన్ని కొట్టే మాటలెందుకని, మా పిన్ని కూతురి సంబంధం పోయినప్పుడు "అతని నవ్వు బాగాలేదు" అని మాత్రం చెప్పి ఊరుకున్నాం. "నవ్వకపోతే అంతకంటే ముప్పే, వెర్రిమొహమా!" అన్నాను. దాని మొహం పాలిపోయింది. అప్పటికప్పుడు ఫోన్లో అతనికి నవ్వమని రాసి పంపింది. పెద్దాయన పక్కన కూర్చుంటున్నానని అతను ఫోను ఆపేసి జేబులో పెట్టుకున్నాడట. దగ్గరికెళ్ళి చెబుదామంటే, మావయ్య అతన్ని సీట్లోంచి కదలనివ్వకుండా మిరప తెగుళ్ళ గురించి చెబుతున్నాడు. ఇంతలో బెల్లు మోగింది.

రెండో సగంలో నాలుగు జంటలూ ఒకరికి తెలియకుండా ఒకరు వచ్చి ఒకే సామాన్ల గదిలో దాక్కున్నారు. హాలు హోరెత్తిపోయింది. అతను జేబురుమాలు నోటికి అడ్డం పెట్టుకుని మొహం అటు తిప్పేసుకున్నాడు. మావయ్య కాసేపు చూసి, ఒళ్ళోని కండువా తీసి భుజాన వేసుకున్నాడు. ఆయన లేచాడంటే ఇక అయిపోయినట్టే.

నాకు వచ్చిన మొదటి సంబంధం కూడా సరిగ్గా అలాగే పోయింది. అతనూ నవ్వలేదు. ఆ రోజు అతను పంటినొప్పితో వచ్చాడని నాకు ఏడాది తర్వాత తెలిసింది. అప్పటికి నా పెళ్ళైపోయింది. మా ఆయన మంచివాడే, బాగా నవ్వుతాడు, ముఖ్యంగా నేను కొత్త వంట ఏదైనా చేసినప్పుడు. అయినా ఆ సంగతి తెలిసిన రోజు నాకు అన్నం సహించలేదు. పెరట్లో కూర్చుని ఏడ్చాను. ఎవరికీ చెప్పలేదు.

లేచాను. అందరి కాళ్ళూ తొక్కుకుంటూ వెళ్ళి మావయ్య ముందు నిలబడ్డాను. వెనకనుంచి "కూచోవమ్మా, అడ్డం!" అని కేకలు. "మావయ్యా, అప్పుడు నాకు చూసినాయనకి ఆ రోజు పంటినొప్పంట. ఈ అబ్బాయినైనా ఎందుకు నవ్వట్లేదో ఒక్క మాట అడుగు" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. ఆయనకు మాత్రం వినపడింది. ఆ అబ్బాయి వైపు తిరిగి, "ఏమయ్యా, నవ్వు రావట్లేదా?" అన్నాడు.

అతను రుమాలు తీశాడు. "చచ్చేంత వస్తోందండి. మీకు ఇష్టం ఉండదని మీ అమ్మాయి నవ్వొద్దందండి."

"అందుకని ఇంతసేపూ ఆపుకున్నావా?"

"ఆపుకున్నానండి. కడుపులో నొప్పొస్తోందండి."

మావయ్య కండువా మళ్ళీ ఒళ్ళోకి తీసుకున్నాడు. "ముందు నవ్వవయ్యా బాబూ" అన్నాడు. అప్పుడు నవ్వాడండీ ఆ అబ్బాయి! ముందు వరసలవాళ్ళు తెర వదిలేసి వెనక్కి తిరిగారు. మావయ్య కూడా అతని తొడమీద చరుస్తూ నవ్వాడు. అక్క కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

బయటికొచ్చాక అక్కతో "కార్తీకంలో ముహూర్తం చూడండే" అని, మావయ్య నా దగ్గరికొచ్చాడు. "నాకు చెప్పకపోయావా అమ్మా" అన్నాడు మెల్లగా. "నువ్వు అడగలేదుగా మావయ్యా" అన్నాను. ఆయన తల వంచుకుని చెప్పులు వెతుక్కున్నట్టు నటించాడు, చెప్పులు కాళ్ళకే ఉన్నాయి. ఒక సినిమా పాటి సమయంలో మనిషిని తేల్చేయొచ్చనుకున్న ఆయనకు ఆ ఒక్క మాట అడగడానికి, అంతా తెలిసిన నాకు ఆ ఒక్క మాట చెప్పడానికి, ముప్పై ఏళ్ళు పట్టింది.