మంచుగూడు బయట నుంచి ఒక పిలుపు

సుగుణక్క ప్రభువు సన్నిధికి వెళ్ళిపోయిందని నాకు మొదట చెప్పింది మా సంఘంలోని గ్రేస్. ఆమె ఫోన్ వచ్చినప్పుడు నేను షామ్‌బర్గ్‌లో మా ఇంటి ముందు మంచు తీస్తున్నాను. విన్నాక కూడా కాసేపు తీస్తూనే ఉన్నాను. పార సిమెంటుకు గీరుకునే ఆ చప్పుడు వింటే నాకు అక్కే గుర్తొస్తుంది.

అక్క నర్సు. ప్రతి చలికాలం మా తెలుగు సంఘం పిల్లలను విస్కాన్సిన్ అడవికి తీసుకెళ్ళి, వాళ్ళు తమ చేతులతో చేసుకున్న మంచుగూళ్ళలో ఒక రాత్రి పడుకోబెట్టేది. మనిషెత్తు మంచు కుప్ప పోసి, అది గట్టిపడేదాకా ఆగి, లోపలికి తొలుచుకుంటూ వెళ్తారు. మా అమ్మాయి లిడియా వెళ్తానన్న ఏడాది నేను వద్దన్నాను. నేను మా అమ్మ దగ్గర ఇంట్లోనే చదువుకుని పెరిగినదాన్ని. బిడ్డ కంటికి కనబడకపోతే నాకు ఊపిరాడేది కాదు.

"ఇలా వద్దంటూ పోతే అది నిన్ను అడగడమే మానేస్తుంది. నువ్వూ రా, పులిహోర కలుపుదువుగాని," అంది అక్క.

చివరికి లిడియాతో నేనూ వెళ్ళాను. అక్కడ ముందు అక్కే తొలిచి చూపించింది. ఆమె భర్త దేవదానం బావగారు పార పట్టుకుని బయట నిలబడ్డారు. ఒకరు లోపల ఉంటే ఒకరు బయట ఉండి పిలుస్తూ ఉండాలన్నది అక్క పెట్టిన నియమం. కప్పు కూలితే తవ్వి తీయాల్సింది ఆ బయటివాళ్ళే.

"సుగుణా, ఉన్నావా?"

"ఉన్నానండీ! ఎక్కడికి పోతాను, కార్ తాళాలు మీ దగ్గరేగా!"

పిల్లలు పడీ పడీ నవ్వారు.

తర్వాత లిడియా కోటు విప్పేసి పలుచటి చొక్కాతో లోపలికి దూరింది. దాని బూట్లు కూడా లోపలికి మాయమయ్యేసరికి, పారతో బయట నిలబడ్డ నేను ఆగలేక, కోటు అందుకుందామని కదిలాను. అక్క నా చెయ్యి పట్టుకుంది.

"కోటుతో తవ్వితే చెమటకి తడిసి, తర్వాత వణికిపోతుంది. బయటికొచ్చాక కప్పుదువుగాని. నువ్విక్కణ్ణుంచి కదిలావంటే మాత్రం దానికి బయట ఎవరూ లేనట్టే."

"కూలిపోతే అక్కా?"

"తవ్వి తీద్దాం. పార నీ చేతిలోనే ఉందిగా. పిలువు."

"లిడియా, ఉన్నావా తల్లీ?"

"ఉన్నా మమ్మీ, ఐయామ్ ఫైన్! లోపలంతా బ్లూగా ఉంది!"

అంతవరకు నా ప్రార్థన ఒకటే: ప్రభువా, దాన్ని నా దగ్గరే ఉంచు. ఒక్కో పిలుపుకీ జవాబు వస్తుంటే ఆ మాట దానంతటదే మారింది: నన్ను ఇక్కడ నిలబెట్టు. మర్నాడు పొద్దున్నే లిడియా జుట్టు నిండా మంచుతో పాక్కుంటూ వచ్చి, "మమ్మీ, పులిహోర ఉందా?" అంది.

ఇప్పుడది వేరే రాష్ట్రంలో ఉద్యోగం చేసుకుంటోంది. ఫోన్ చేస్తే మొదట "ఉన్నావా తల్లీ?" అనే అడుగుతాను. దాన్ని వెళ్ళనిచ్చి, బయట నిలబడి పిలిచే ఆ ధైర్యం నాకు అక్క చేతుల మీదుగా దేవుడిచ్చింది.

చివరి రోజుల్లో అక్క కళ్ళు తెరవకపోయినా, బావగారు మంచం పక్కనే కూర్చుని "సుగుణా, ఉన్నావా?" అంటూనే ఉన్నారని గ్రేస్ చెప్పింది. అక్క వెచ్చని చోటికే చేరిందని నా నమ్మకం. మీరు మోకరించినప్పుడు దేవదానం బావగారిని ఒక్కసారి తలచుకోండి. ఆయన ఇంకా బయటే నిలబడి ఉన్నారు.