మొక్కు మామ్మది, జుట్టు మనవడిది

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఎవరికి ఒళ్ళు వెచ్చబడినా గుండు మాత్రం రమణబాబుకే అయ్యేది. కారణం వాళ్ళ మామ్మ అప్పయమ్మ. ఆవిడకి మొక్కుల పిచ్చి. మొక్కుకోవడం ఆవిడ వంతు, తీర్చడం మనవడి వంతు. సింహాచలం ఉన్న దిక్కుకి తిరిగి, ఈ బిడ్డని గట్టెక్కిస్తే మా రమణ తలనీలాలు ఇస్తానని అప్పన్నస్వామికి ఒక దణ్ణం పెట్టేసి, నిశ్చింతగా జావ కాచడానికి వెళ్ళిపోయేది.

కొడుకు తిరుమలరావు లేడా అంటారేమో. ఉన్నాడు, లోకో షెడ్డులో ఫిట్టరు. కాని ఆయనకి ముప్పై దాటకుండానే బట్టతల. దేవుడికి ఇద్దామన్నా ఆయన దగ్గర ఏమీ మిగల్లేదు. దాంతో వంశం బాధ్యతంతా మనవడి నెత్తిన పడింది.

అలాగని అప్పయమ్మ దణ్ణం పెట్టి ఊరుకునే మనిషి కాదు. కాలనీలో ఎవరికి పురుడొచ్చినా, ఎవరి పిల్లలకి తట్టు పోసినా అందరికంటే ముందు అక్కడ ఉండేది. తెలుగువాళ్ళా, ఒడియావాళ్ళా, ఈ ఊరివాళ్ళా అని చూసేది కాదు. రోగి మంచం పక్కనే కొంగు పరుచుకుని పడుకునేది, గుడ్డలు ఉతికేది, వాంతులు ఎత్తిపోసేది. మందు డాక్టరుది, చాకిరీ ఆవిడది, దయ అప్పన్నది. పోయేది మాత్రం రమణబాబు జుట్టు.

లోకానికి అది నవ్వులాటే గాని అతనికి కాదు. నీ జుట్టే ఇచ్చుకోవచ్చు కదా అని ఒకసారి అడిగేశాడు. ముగ్గుబుట్టలాంటి తల దేవుడికెందుకురా అని ఆవిడ తేల్చేసింది. ఊళ్ళో పిల్లలందరూ ముద్దే, నేనొక్కణ్ణే మామ్మకి చులకన అని అతనికి మనసులో ఉండిపోయింది. పైకి అనలేదు గాని, పెద్దవాడైనా ఆ బాధ పోలేదు.

ఊళ్ళోనే తెలిపారా పేటలో పెళ్ళిచూపులు కుదిరినప్పుడు అతను తలకి నూనె రాసి, దువ్వి, చంటిబిడ్డని సాకినట్టు జుట్టుని సాకాడు. సరిగ్గా అప్పుడే, పక్కనున్న మంగ్లా పల్లె నుంచి వచ్చి పాలుపోసే ఫుల్‌మతి కొడుకు సుఖరామ్‌కి టైఫాయిడ్ వచ్చింది. ఆమెకి భర్త లేడు, ఉన్నది ఆ ఒక్క పిల్లవాడు. ఆసుపత్రిలో పిల్లవాడు కళ్ళు తెరిచాడని చెప్పడానికి ఇంటికొచ్చిన అప్పయమ్మ మొహం చూస్తూనే రమణబాబు రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

"పెళ్ళిచూపులయ్యేదాకా ఆగలేవా మామ్మా?"

"నీ జుట్టు మళ్ళీ వస్తాదిరా. ఆడు పోతే మళ్ళీ వస్తాడేటి?"

అప్పన్న దగ్గర ఆలస్యం పనికిరాదని ఆ పూటే సింహాచలానికి రైలెక్కించేసింది.

పెళ్ళిచూపుల్లో పిల్ల తండ్రి జగన్నాథం ఆ గుండు చూసి నీరుగారిపోయాడు. వయసులో ఉన్న కుర్రవాడి గుండు చూస్తే ఎవరైనా ఏమనుకుంటారు? పక్కనున్న తిరుమలరావుని చిన్నాన్న అనుకుని, నాన్నగారు ఎప్పుడు కాలం చేశారు బాబూ అని ఎంతో బాధగా పరామర్శించాడు. కాలం చేసిన నాన్నగారికి నోట్లో జంతిక అడ్డంపడి దగ్గొచ్చింది. లోపలి గదిలో పెళ్ళికూతురు ప్రసూన పకపకా నవ్వింది. ఆ నవ్వు రమణబాబుకి నచ్చింది. సంబంధం ఖాయమైంది.

తొంభై నాలుగు చలికాలంలో అప్పయమ్మే మంచం పట్టింది. రమణబాబు ఆసుపత్రిలో పక్కన కూర్చుని, నీకోసం నేనే మొక్కుకుంటానన్నాడు.

"నాకొద్దురా. పండిపోయినదాన్ని. సామిని ఇబ్బంది పెట్టకు."

అతను వినలేదు. తన జుట్టుని తనే మొక్కుకోవడం అదే మొదలు. అప్పన్నా వినలేదు. ఆవిడ పోయింది. కాలనీ అంతా గొల్లుమంది, అతనికి మాత్రం ఏడుపు రాలేదు.

పదోనాడు అర్పా నది ఒడ్డున తిరుమలరావు తలచుట్టూ ఉన్న నాలుగు వెంట్రుకలూ మంగలి తీసేశాడు. మనవడికి అక్కర్లేదు, కొడుకు చేస్తే చాలన్నాడు పురోహితుడు. జుట్టు అడిగేవాళ్ళు లేక రమణబాబు ఒడ్డునే నిలబడిపోయాడు. అంత ఒత్తైన జుట్టు ఉండీ ఇంత దిక్కులేనివాణ్ణి అయిపోయానేమిటి అనిపించింది.

అప్పుడు సుఖరామ్ వచ్చి, చొక్కా విప్పి, మంగలి ముందు కూర్చున్నాడు. ఇప్పుడతను మీసాలొచ్చిన కుర్రవాడు. నువ్వెందుకని రమణబాబు హిందీలో అడిగాడు. వెనక నిలబడ్డ ఫుల్‌మతి, మాలో ఇంటి మగవాళ్ళందరూ తీయించుకుంటారని చెప్పింది. మళ్ళీ అంది:

"నా బిడ్డ కోసం మీ పిల్లాడి జుట్టెందుకు దాదీ అని ఆ రోజు నేను అడిగాను బాబూ. దేవుడికి మనకున్న వాటిల్లో గొప్పదే ఇవ్వాలి, నాకున్న గొప్పది మా రమణేనే అంది."

రమణబాబుకి అప్పుడు ఏడుపొచ్చింది. నలుగురూ చూస్తున్నారని కూడా లేకుండా, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. తరవాత కళ్ళు తుడుచుకుని, తనూ చొక్కా విప్పి, సుఖరామ్ భుజం తట్టాడు.

"జరగరా. పెద్ద మనవణ్ణి నేను. ముందు నాకు."